ఎద్దుగద్ద చావని ఎండాకాలం

“మీ కోడలి మృగం ఎప్పుడు చస్తుందండీ?” అని ఫోన్లో అడిగాడు నిర్మాత.

“మీ కోడలి మొగుడు ఎప్పుడు చస్తాడండీ?” అని వినపడింది మా అక్క అత్తగారికి.

ఆవిడ కోడలికి మొగుడంటే ఆవిడకి కొడుకు. ఇంక చెప్పాలా? ఆ నిర్మాత పుట్టుక దగ్గర మొదలుపెట్టి, పెంపకం మీదుగా, పళ్లు రాలే రోజు దాకా ఊపిరి తీసుకోకుండా తిట్టింది. ఆవిడ తిట్లలో కామాలే గాని ఫుల్‌స్టాపులు ఉండవు. వెనక వసారాలోంచి బావ ఆకురాయి చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

“ఎవరమ్మా?”

“ఎవడో వెధవ. నువ్వెప్పుడు పోతావో తేదీ కావాలిట వాడికి. ఉండు, తేదీ నేను పెడతా వాడికి!”

నేను ఫోను లాక్కుని సంగతి తెలుసుకుని, ఆవిడ చెవిలో నోరు పెట్టి అరిచాను. “మొగుడు కాదండీ అత్తయ్యగారూ! మృగం! మృ-గం! మన ఎద్దుగద్ద!”

“ఓస్, అదా! ఆ ముక్క సరిగ్గా ఏడవొచ్చుగా. మృగమైతే చావనీ.” ఫోను మళ్లీ తన చేతిలోకి తీసుకుని, “ఇందాక అన్నవన్నీ వెనక్కి తీసుకున్నాలే నాయనా,” అంది. అప్పటికే అతను పెట్టేశాడు.

బావ నవ్వాడు. “రెంటికీ పెద్ద తేడా ఏముందిలేమ్మా. రెండూ దాని చేతిలోనే ఉన్నాయి,” అన్నాడు. బావ మాటలు తన చేతి మరల్లాగే బిగువు. ఊరికే వదులు కావు. ఆ రోజు కోటా అక్కడితో సరి.

మా ఇంట్లో అందరూ కలిసి నవ్విన ఆఖరి రోజు అదేనా అంటే ఏమో, చెప్పలేను. ఆ ఎండాకాలంలో నవ్వుకున్నట్టు నాకు గుర్తున్నది మాత్రం అదొక్కటే.

అప్పట్లో మాయలూ మంత్రాలూ ఉన్న సినిమాలు తీసే పద్ధతి వేరు. మనుషులు మనుషుల్లాగే నటించేవాళ్లు. రెక్కల గుర్రాలు, మూడు తలల పాములు, నడిచే కొండరాళ్లు మాత్రం చేతిబొమ్మలు. ముందు హీరోని తీసేస్తారు. ఆ ఫిల్ముని ఒక చిన్న తెరమీద వెనకనించి వేసి, తెర ముందు బల్లమీద బొమ్మని నిలబెట్టి, మా అక్క దాని కాలు గింజంత జరుపుతుంది. కెమెరా ఒక్క నొక్కు నొక్కుతుంది. మళ్లీ గింజంత, మళ్లీ నొక్కు. పొద్దున్నించి సాయంత్రం దాకా నొక్కితే, రేపు హాల్లో ఆ మృగం ఓ రెప్పపాటు గుర్రుమంటుంది. దాన్ని చూసి జనం కుర్చీల్లోంచి లేస్తారు. లేపినదెవరో ఎవడికీ తెలియదు. కథ కదలాలంటే బొమ్మ కదలాలి. బొమ్మ కదలాలంటే మా ఇల్లు కదలకూడదు. అక్కకి ఫ్రేములంటే అంత ప్రేమ.

మృగానికి సినిమాలో నోరు తిరగని పేరేదో ఉండేది. ఒళ్లు ఎద్దుది, రెక్కలూ ముక్కూ గద్దవి కాబట్టి మా ఇంట్లో అది ఎద్దుగద్ద. లోపలి ఎముకలు బావ చేశాడు. బఠాణీ గింజలంత ఇనప బంతుల్ని గిన్నెల్లో కూర్చి, మోకాళ్లూ భుజాలూ ఎటు తిప్పితే అటు తిరిగి అక్కడే ఆగేట్టు బిగించేవాడు. స్టూడియోలో అందరూ ‘కీళ్ల డాక్టరు’ అనేవాళ్లు. పైతోలు కుట్టింది అత్తయ్యగారు. ప్రాణం పోసేది అక్క.

మరి నేను? నేను కర్ర. షూటింగులో హీరో కత్తి దూసేది వట్టి గాలి మీద. ఆ గాలికి కళ్లెక్కడున్నాయో అతనికి తెలియాలిగా! పొడుగాటి కర్ర చివర రెండు ఎర్రబంతులు గుచ్చి, కెమెరా కంట్లో పడకుండా పరిగెత్తేవాణ్ణి. గద్ద అక్కడ ఉండదు కాబట్టి గద్దించేదీ నేనే. కర్రపెత్తనం అంటే ఏమిటో తెలియనివాళ్లు నన్ను చూసి తెలుసుకునేవాళ్లు. నా గొంతుకి జనం పెట్టిన పేరు మైకు. చెవుడున్న అత్తయ్యగారికి ఇంట్లో పూర్తిగా వినపడే మనిషిని నేనొక్కణ్ణే. ముప్పయ్యేళ్లొచ్చి పెళ్లీ పెటాకులూ లేకుండా అక్క ఇంట్లో కూర్చుని తినడానికి నాకున్న అర్హత అదే.

చీకటిగది తలుపుకి ఒక మేకు ఉండేది. పని నడుస్తున్నంతసేపూ ఆ మేకుకి ఒక ఎర్రగుడ్డ. గుడ్డ ఉంటే తలుపు తట్టకూడదు, పిలవకూడదు, దగ్గర్లో గట్టిగా అడుగైనా వెయ్యకూడదు. ఒకసారి నేను బయట తుమ్మితే లోపల ఎద్దుగద్ద తోక ఉలిక్కిపడింది. అక్క చేసిందంతా పారేసి మళ్లీ మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గుడ్డ విషయంలో అందరికన్నా గట్టి మనిషి అత్తయ్యగారు. నోటిమాట సరిగ్గా చేరదు కాబట్టి ఆవిడకి గుడ్డ చెప్పేదే మాట. “ఇల్లంటుకున్నా సరే, గుడ్డ తీసేదాకా ఆగాలి,” అనేది.

ఆ ఫోను గొడవ జరిగిన కొన్నాళ్లకి నిర్మాత స్వయంగా వచ్చాడు. ఈసారి అత్తయ్యగారికి దూరంగా కూర్చున్నాడు.

“అమ్మా, అంతా అయిపోయింది. ఒక్క ఆ మృగం చావే మిగిలింది. వానలు పడేలోపు ఇస్తావా?”

“ఇస్తానండీ.”

“ఇవ్వకపోతే నేనేం చెయ్యాలో చెప్పనా? మనిషికి తోలు తొడిగి గంటలో తీసేస్తా. ఊళ్లో అందరూ అదే చేస్తున్నారు. నేనింకా ఈ బొమ్మలు పట్టుకు వేళ్లాడుతున్నానని నవ్వుతున్నారు.”

“మనిషి తోలు తొడుక్కుంటే తోలు తొడుక్కున్న మనిషిలాగే ఉంటాడండీ.”

“జనానికి అదే చాలమ్మా. నీ ముఖం చూసి ఆగాను. ఇదే ఆఖరు. దీని తరవాత నేనూ బొమ్మలు పెట్టను, పెట్టే మొనగాడూ ఇంకెవడూ లేడు.”

అతను వెళ్లాక అక్క చాలాసేపు ఆ బొమ్మ రెక్క సర్దుతూ నిలబడింది. తరవాత నన్ను పిలిచింది.

“ఒరేయ్, పడు.”

“ఎక్కడ?”

“ఇక్కడే. ఈటె రెక్కలో దిగింది. లేవాలని చూస్తున్నావు. లేవలేవు. పడు.”

పడ్డాను. గచ్చు మీద మోకాలు కొట్టుకుపోయింది.

“నువ్వు పడాలని పడ్డావురా. అది పడకూడదని పడుతుంది. మళ్లీ.”

“అక్కా, చావడానికి ఇంత సాధన అవసరమా? అందరూ ఒకే టేకులో పోతారు.”

“పోతారు. వాళ్లని ఎవరూ టిక్కెట్టు కొని చూడరు. మళ్లీ పడు.”

పడ్డాను, పడ్డాను, పడ్డాను. నాకు దక్కిన ‘పడిన’ పాత్ర అదే. వసారాలోంచి బావ తొంగిచూసి, “తల చివర్న ఎత్తాలి. ఎవరూ రారని తెలిసి కూడా చూస్తుంది,” అని మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. అక్క కాగితం మీద ఏదో గీసుకుంది. మర్నాడు పొద్దున మేకుకి ఎర్రగుడ్డ ఎక్కింది.

ఆ షాటు తీసినన్నాళ్లూ మేం ఇంట్లో దొంగల్లా తిరిగాం. నల్లతెరలు బిగించిన గది, లోపల దీపాల వేడి, పైన ఎండ. అక్క సాయంత్రం బయటికొస్తే బట్టలు పిండితే నీళ్లు కారేవి. నిద్ర లేదు. ఈ పూట ఎక్కడ ఆపిందో చెయ్యి మరిచిపోతుందని భయం. బావ అక్క పళ్లెం తెచ్చి ఎదురుగా పెట్టి, తిన్నాక తీసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఎద్దుగద్ద మోకాలు వదులైతే రాత్రికి విప్పి బిగించి పొద్దున్నకి బల్లమీద ఉంచేవాడు. ఎంత బిగించాలో ఆయన వేళ్లకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఒకనాడు మధ్యాహ్నం నేను బయట, హీరో షాటొకటి మళ్లీ తీస్తుంటే, కర్ర పట్టుకుని గద్దిస్తున్నాను. సాయంత్రం పొద్దు వాలకముందే ఇంటికొచ్చాను.

వసారాలో బావ నేలమీద గోడకి జారగిలబడి ఉన్నాడు. మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. కుడిచెయ్యి ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు పడుంది. అత్తయ్యగారు పక్కన కూర్చుని తడిగుడ్డతో మొహం తుడుస్తూ విసురుతోంది.

“వడదెబ్బరా మైకూ,” అంది, గుడ్డ ఉంది కదాని గొంతు కాస్త తగ్గించి. “భోజనాలైన కాసేపటికి పడ్డాడు. నీళ్లు పడితే మింగట్లేదు. ఆ తలుపు కేసి ఒకటే చూపిస్తాడు. ‘ఉందిలేరా గుడ్డ, చూశాను, నేను తట్టనులే, నీ పెళ్లాం పని పాడవదులే’ అని చెప్తూనే ఉన్నాను. ఊరుకోడు.”

బావ ఎడంచెయ్యి అప్పుడు కూడా తలుపు వైపే ఉంది.

నేను ఆ తలుపుని రెండు చేతులా బాదాను. నా గొంతు ఎంత పెద్దదో నాకే ఆ రోజు తెలిసింది. అక్క తలుపు తీసింది. కళ్లు ఎర్రగా, జుట్టు చెదిరి, ఎప్పుడూ ఆ గదిలోంచి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ముందు నా మొహం చూసింది. తరవాత మేకుకున్న గుడ్డ చూసింది. ఆ తరవాతే బావని చూసింది.

ఆస్పత్రిలో డాక్టరు కుర్రవాడు. తలలో రక్తం గడ్డకట్టిందన్నాడు. ప్రాణానికి ఫరవాలేదన్నాడు. కుడిపక్క రాదు, మాట రాదు. “పడగానే తీసుకొస్తే వేరే సంగతి,” అన్నాడు. అని, మా మొహాలు చూసి, చీటీ రాయడంలో పడిపోయాడు.

అత్తయ్యగారికి అదేమీ వినపడలేదు. బల్లమీద కూర్చుని అక్క చెయ్యి పట్టుకుంది. “ఏమే, షాటు పాడవలేదు కదా?”

అక్క ఆవిడ చెవి దగ్గరకి వంగింది. “లేదు అత్తయ్యా. పాడవలేదు.”

“అదే నేను చూసుకున్నది. వాడూ అందుకే చెయ్యి చూపిస్తూ కూర్చున్నాడు, నేనెక్కడ తట్టేస్తానోనని.”

“అవునత్తయ్యా.”

తరవాత వరండాలో అక్క నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

“షాటు లేదురా.”

“అంటే?”

“పొద్దున్నే పేలింది ప్రొజెక్టరు బల్బు. సగంలో. కొత్త బల్బు వెలుగు పాతదానితో కలవదు, మొత్తం పోయింది. ఏడుస్తూ కూర్చున్నాను. మీ బావ వచ్చి, మళ్లీ మొదలుపెడదాంలే, ముందు కాస్త పడుకో అన్నారు. చాప పరిచారు. పడుకున్నాను. అన్నాళ్ల నిద్ర ఒక్కసారే పట్టింది.”

“మరి గుడ్డ?”

“రాత్రే తీసి మడిచిపెట్టానురా. పొద్దున మళ్లీ కట్టేలోపే, దీపం వెయ్యగానే పేలింది, ఇంక కట్టే పనేముంది? నన్నెవరూ లేపొద్దని ఆయనే కట్టి ఉంటారు.”

నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన చూపించింది తట్టొద్దని కాదు. లోపలికి వెళ్లమని. పనీ పాడూ లేదు, తోసుకుని వెళ్లమని.

“ఆవిడకి ఈ ముక్క తెలియకూడదు,” అంది అక్క. “కొడుకు పక్కన అంతసేపు విసురుతూ కూర్చుంది, నా షాటు కోసం. ఆ షాటు ఉండాల్సిందే. నేను మొగుణ్ణి వదిలేసి బొమ్మ పట్టుకున్నాననుకుంటారా, అనుకోనీ.”

అందరూ అలాగే అనుకున్నారు. చుట్టాలు వచ్చి అక్క కేసి ఒక చూపు చూసి వెళ్లేవాళ్లు. అత్తయ్యగారు మాత్రం ఒక్కొక్కరినీ వరండాలో కూర్చోబెట్టి చెప్పేది, “మావాడు పడిపోయినా పని ఆగనివ్వలేదు. నేనే కాపలా కూర్చున్నాను,” అని. ఆవిడకి ఆ మాటే మందు. పూటపూటకీ వేసుకునేది.

అక్క మళ్లీ మొదలుపెట్టింది. పగలు ఆస్పత్రి, మిగిలిన వేళ గది. కానీ ఎద్దుగద్ద వెనక మోకాలు వదులైపోయింది. నిలబెట్టి చెయ్యి తీస్తే నెమ్మదిగా కుంగేది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లని పిలిపించాం. ఒకడు బిగిస్తే అసలు తిరగలేదు. ఇంకొకడు వదిలితే కూలబడింది. కీళ్ల డాక్టరు మంచం మీద ఎడంచేత్తో దుప్పటి అంచు పట్టుకుని సీలింగు చూస్తున్నాడు. అక్క ఆ బొమ్మని ఒకసారి ఆయన పక్కన పెట్టింది. ఆయన ఎడం వేళ్లతో మోకాలు తడిమి, గోడ వైపుకి తిరిగాడు.

వానలు ఆ ఏడు ముందే పడ్డాయి.

నిర్మాత మళ్లీ ఇంటికి రాలేదు. నన్ను సెట్లో పక్కకి పిలిచి, “నీ ఎత్తుకి తోలు కుట్టిస్తున్నా. నువ్వే వేసుకో. గొంతు ఎలాగూ నీదే,” అన్నాడు. ఇంటికెళ్లి అక్కకి చెప్పాను.

“వేసుకో,” అంది. “పడటం నీకు వచ్చుగా.”

అప్పటిదాకా అక్క తీసిన ముక్కలన్నీ ఒకసారి వేసి చూద్దామని, పనికొచ్చేవి ఉంచుకుంటానని నిర్మాత కబురు పెట్టాడు. స్టూడియోలో చిన్న హాలు. కెమెరావాళ్లు, లైట్లవాళ్లు, కూర్పు చేసే ఆయన, అందరూ వచ్చారు. అది సెలవు పుచ్చుకోవడమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బావని చక్రాల కుర్చీలో తోసుకొచ్చాను. అత్తయ్యగారు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

దీపాలు ఆర్పారు. ఎద్దుగద్ద కొండ వెనకనించి వచ్చింది. రెక్క విప్పింది. హీరో కత్తి తిప్పితే వెనక్కి తగ్గింది. మెడ పక్కకి వంచి, ఇతనెవరా అన్నట్టు చూసింది. హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

“ఒసే,” అంది అత్తయ్యగారు చీకట్లో, తనకి వినపడాల్సినంత గట్టిగా. “ఆ రోజుది ఏదే? వాడు పడిపోయిన రోజు తీసింది?”

అక్క తెర కేసి చూసింది. ఎద్దుగద్ద నీళ్లు తాగి తలెత్తుతోంది. అంతకు ముందెప్పుడో, చలికాలంలో తీసిన ముక్క.

“అదిగో అత్తయ్యా. తలెత్తుతోందే, అదే.”

ఆవిడ ముందుకు వంగి చూసింది. అది అయిపోయినా చూసింది. తరవాత పక్కకి తిరిగి, కొడుకు పడిపోయిన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని నిమిరింది. “చూశావట్రా? ఎంత బాగుందో! ఊరికే పోలేదురా నీ రోజు.”

దీపాలు వెలిగాయి. అంతటితో లేచి వెళ్లిపోయి ఉంటే సరిపోయేది. నిర్మాత లేచాడు. చెడ్డమనిషి కాడు. నాలుగు మంచి మాటలు చెప్పి పంపుదామనుకున్నాడు.

“ఇది కదయ్యా పనంటే!” అన్నాడు అందరి వైపూ తిరిగి. “మొగుడు గోడవతల పడిపోయినా, ఈ అమ్మ లోపల షాటు ఆపలేదు. మీలో ఎవడైనా ఉన్నాడా అలాంటివాడు? ఈమెకి దణ్ణం పెట్టాలి మనం.”

కొందరు నిజంగానే దణ్ణం పెట్టారు. కొందరు నేల చూశారు. అక్క కదల్లేదు.

బావ కదిలాడు. ఆస్పత్రిలో చుట్టాల చూపులు ఆయనా చూశాడు. కానీ ఈ మాట పైకి అనగా వినడం అదే మొదటిసారి. “ఆ… ఆ…” అంటూ తల అడ్డంగా ఊపాడు. ఎడంచెయ్యి పైకెత్తాడు.

“వద్దండీ,” అంది అక్క మెల్లిగా. “ఇప్పుడెందుకండీ. ఇంటికెళ్దాం.”

సిగ్గుపడుతోందనుకున్నాడేమో. ఆగలేదు. పైనున్న దీపం చూపించాడు. పిడికిలి బిగించి టప్పున విప్పాడు. ఆగి, మా మొహాలు చూశాడు, అర్థమైందా అని. అక్కని చూపించాడు. అరచెయ్యి చెంపకింద పెట్టుకుని కళ్లు మూశాడు. ఆగాడు. తన గుండె మీద తట్టుకున్నాడు. గాల్లోంచి ఏదో తీసి, గాల్లో ఉన్న మేకుకి తగిలించాడు. ఆగాడు. కొంచెం కదలడం, ఆగడం, కొంచెం కదలడం, ఆగడం. హాల్లో ఉన్నవాళ్లంతా ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లు. మా ఇంటి గుడ్డ సంగతి తెలియనివాడు లేడు. ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. నిర్మాత కూర్చున్నాడు.

అత్తయ్యగారు ఒక్కతే నన్ను చూసింది. “ఏమంటున్నాడ్రా మైకూ?”

“చలేస్తోందిట!” అని అరిచాను.

బావ తల అడ్డంగా ఊపాడు, గట్టిగా. కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. మళ్లీ మొదటినించీ ఎత్తుకున్నాడు. దీపం. పిడికిలి. చెంపకింద చెయ్యి.

“చలి కాదుట కదరా. సరిగ్గా చెప్పి చావు.”

నేను అక్కని చూశాను. అక్క కళ్లు మూసుకుంది. బావ నన్నే చూస్తున్నాడు, నా గొంతు తప్ప ఆయనకి ఇంకేమీ మిగల్లేదు. చిన్నగా చెప్పబోయాను.

“గట్టిగా! వినపడట్లేదు!”

ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాను. హాలంతా మోగింది.

“ఆ రోజు షాటు లేదుట అత్తయ్యగారూ! పొద్దున్నే బల్బు పేలిపోయిందిట! అక్క నిద్రపోతోందిట! లేపొద్దని ఎర్రగుడ్డ కట్టింది బావేనట!”

ఒక్కో మాటకీ బావ అవునవునని తలాడించాడు.

అత్తయ్యగారు కొడుకు చేతిని ఇంకా ఒళ్లోనే పట్టుకుంది. నన్ను కాదు, ఆయన్నే అడిగింది. నేను ఆవిడని ఎరిగాక ఆవిడ అంత మెల్లిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

“అంటే… నేను తలుపు తోసి లోపలికెళ్లి ఉంటే…?”

పెళ్లాం మీద పడ్డ నింద ఎలాగో తుడిచేశానన్న సంతోషంతో, అక్క కేసి సగం మూతితో నవ్వుతూ, బావ ఔనని తలూపాడు.